కదిలితేనే కీలు

నమోదు 112

మంచు కరుగుతోంది. పంపు ఆడుతోంది. నీరు ఎక్కుతోంది.

నేను రోజూ రాసేది ఇంతే. కానీ నా నమోదులు మరీ పొట్టిగా ఉంటున్నాయనీ, రాసే మనిషి బతికుందో లేదో కూడా తెలియడం లేదనీ పెద్ద స్థావరం నుంచి కబురొచ్చింది. అంత సరదాగా ఉంటే ఇకనుంచి పొడుగ్గా రాస్తాను, చదువుకోండి.

మంచు తవ్వే ఈ మూడో గుంటలో మేం ఇద్దరమే ఉంటాం. నేను తిరుపతమ్మని, పంపు మెకానిక్కుని. రెండో మనిషి నాంచారి, మా అన్నయ్య భార్య. మంచు దిమ్మల్ని క్రేనుతో ఎత్తి కొలిమిలోకి దించడం ఆవిడ పని. ఆకాశంలో తిరుగుతూ ఉండే, మేం బతికే ఈ రాయి గవ్వ ఆకారంలో ఉంటుంది కాబట్టి పేరు కూడా గవ్వే. ఇప్పుడు దానికి నీడకాలం. మళ్ళీ వెలుగు తిరిగేదాకా ఇక్కడికి బండి రాదు, మాట అందదు. తెర మీద అక్షరాలు మాత్రం పోతుంటాయి, వస్తుంటాయి.

మా వదిన నోట్లో నువ్వుగింజ నానదు. తినేటప్పుడు మాట్లాడుతుంది, క్రేను నడుపుతూ మాట్లాడుతుంది, నిద్రలో కూడా ఎవరితోనో కూరగాయల బేరం ఆడుతుంది. గవ్వలో కూరగాయలు అమ్మేవాళ్ళు లేరు. అది చాలనట్టు నడుముకి పాటల పెట్టె కట్టుకుని తిరుగుతుంది. ఒకపక్క పంపు హోరు, ఇంకోపక్క ఆవిడ. నేను గొట్టాల మరలకి రాసే మైనం ముద్ద చేసి చెవుల్లో పెట్టుకుంటాను. అచ్చు పోసినట్టు దిగుతుంది. పనిలో ఉన్నప్పుడు, పడుకున్నప్పుడు, అసలు ఎప్పుడూ అదే. వంతు వేళకి మాత్రం తీస్తాను.

"నీతో మాట్లాడ్డం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనే" అంటుంది వదిన. అలా అని ఊదడం మానదు.

నమోదు 113

వంతు గురించి రాస్తాను. ఇది చదివేవాళ్ళలో కింద భూమి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఉండొచ్చు.

ఇక్కడ బరువు తక్కువ. బరువు మోయని ఎముక అప్పడంలా తయారవుతుంది, తగిలితే చాలు విరుగుతుంది. అందుకే మా అందరి ఒంట్లోనూ అతుకు ఉంటుంది. సూదితో ఎక్కిస్తారు. కంటికి కనబడని కణాలు, ఒళ్ళంతా తిరుగుతుంటాయి. పక్కపక్కనే రెండు ఎముకల కొసలు కదలకుండా పడి ఉన్నాయంటే అది విరుగు అనుకుని, మధ్యలో కొత్త ఎముక పోసి అతికేస్తాయి. దీని పుణ్యాన ఎంతమంది బతికి బట్టకట్టారో.

చిక్కంతా ఏమిటంటే, కీలు అన్నా అదే. పక్కపక్కన రెండు ఎముకల కొసలు. అతుకుకి తేడా తెలియదు.

నేను మెకానిక్కుని కాబట్టి నాకు అర్థమైనట్టు చెబుతాను. కీలంటే మంచి బేరింగు. ఎముకల కొసలకి తెల్లటి నున్నటి తొడుగు ఉంటుంది. చుట్టూ తిత్తి. తిత్తి లోపలి పొర నుంచి కోడిగుడ్డు తెల్లసొనలాంటి రసం ఊరుతుంది. ఆ తొడుగులో నెత్తురు పారదు, నరమూ లేదు. దాని తిండీ నీళ్ళూ అన్నీ ఆ రసమే. కీలు వంచినప్పుడు రసం పిండుకుపోతుంది, వదిలినప్పుడు మళ్ళీ పీల్చుకుంటుంది. రసం ఆడుతున్నంతసేపూ అతుకు కణాలు అక్కడ నిలవలేవు. నిలిచిందా, నిలవనీళ్ళకి పాచి పట్టినట్టు పట్టేస్తాయి. తొడుగులో నరం లేదని చెప్పాను కదా, పట్టేటప్పుడు నొప్పి కూడా తెలియదు. అదే నాకు భయం.

అందుకని గవ్వలో ప్రతి మనిషికీ ఒక జత ఉంటుంది. పూటకోసారి ఒకరి కీళ్ళు ఒకరు కదపాలి. కాలివేళ్ళతో మొదలుపెట్టి మడమలు, మోకాళ్ళ మడతబందులు, తుంటి దగ్గర బంతిగిన్నె, చేతివేళ్ళు, మణికట్టులో జారే చిన్న ఎముకలు, మోచేతులు, భుజాలు, మెడలో బొంగరపు కీలు. చివరికి దవడ. దవడకి ఒక ఆచారం ఉంది. జతని నవ్వించాలి. నవ్వించకపోతే వంతు పూర్తయినట్టు కాదు.

వదినకి నన్ను నవ్వించడం చిటికెలో పని. నాకు నవ్వించడం రాదు. నా వంతు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని ఆవలిస్తాను. చూసి ఆవిడా ఆవలిస్తుంది. "ఇది నవ్వు కింద లెక్క రాదే, అరువు కింద రాసుకుంటా" అంటుంది.

నమోదు 115

తెర మీద డాక్టర్ ఇమ్మానుయేలు గారి కబురు. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"పోయిన ఓడలో వచ్చిన కొత్త అతుకు అందరికీ ఎక్కించాం. విరుగు ఒక్క నిద్రలో కూడుకుంటుందంటే సంతోషించాం. కానీ ఇది పాతదానికంటే చాలా తొందరగా పట్టేస్తోంది. కాపలా కుర్చీలో కునుకు తీసిన ఎర్రయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగిసిపోయాడు. తుంటి, మోకాళ్ళు, మడమలు ఇప్పుడు ఒకటే ఎముక. పూటకోసారి వంతు చాలదు. మెలకువగా ఉన్నంతసేపూ ఏదో ఒకటి కదుపుతూ ఉండండి. విరుగుడు మందు వెలుగు వచ్చాక ఓడలోనే రావాలి."

చదివాక వదిన పాటల పెట్టె ఆపేసింది. నేను ఎరిగి మొదటిసారి.

"ఎర్రయ్య బాబాయి మా పెళ్ళిలో గంతులేశాడే" అంది. "మోకాళ్ళు మడవలేడంటే ఇంక మంచమెలా ఎక్కుతాడు?"

తనంతట తాను ఎక్కడు. ఎక్కించాలి. నా కాలివేళ్ళు బూటులోపల వాటంతటవే ఆడుతున్నాయి, ఆపుదామంటే ఆగడంలేదు.

నమోదు 118

ఎడమచేతి చిటికెన వేలు కొస మడత పడలేదు. లేచేసరికి కర్రపుల్లలా ఉంది. ఉయ్యాల మంచం నిద్రలో మోకాళ్ళూ మోచేతులూ కదుపుతుంది గానీ వేళ్ళ జోలికి పోదు. వదిన పట్టుకుని ఒక్కసారి వంచింది. పటుక్కుమంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ వేలు వచ్చింది.

ఆ తర్వాత గొడవ. తప్పెవరిదంటే ఇద్దరిదీ.

"పొద్దస్తమానం ఆ మైనం ఏంటే? నోరు తెరిస్తే ముత్యాలేమన్నా రాలిపోతాయా? దవడ కూడా కీలేనే, మాట్లాడితేనే నున్నగా ఆడుతుంది."

"నువ్వు ఇద్దరి వాటా మాట్లాడుతున్నావుగా వదినా, చాల్లే."

"సరే. నేనింక నోరెత్తను. అప్పుడు తెలుస్తుంది."

విసురుగా క్రేను దగ్గరికి పోయింది. నేను చెవులు మూసుకుని విశ్రాంతి గదిలో గొట్టాల పటం ముందు కూర్చున్నాను. ఈ గదికి నాలుగుపక్కలా మెత్త కొట్టి ఉంటుంది, హోరు రాదు. వంతు వేళకి వదిన వచ్చి మూతి ముడుచుకుని, పలకకుండా కీళ్ళన్నీ కదిపి, దవడని చేత్తోనే ఆడించి పోయింది. మైనం తీసే పనే పడలేదు.

ప్రాణానికి హాయిగా ఉంది. పంపుకి కొత్త రబ్బరు వేసినప్పటి నుంచి హోరు కూడా బాగా తగ్గినట్టుంది. పనితనం అంటే అదీ.

నమోదు 119

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు తప్పులుంటే సర్దుకోండి.

వంతు వేళ దాటినా వదిన రాలేదు. అలిగిందనుకున్నాను. అలకకీ ఒక హద్దుండాలని తిట్టుకుంటూ క్రేను గదికి వెళ్ళాను. క్రేను కొక్కేనికి మంచు దిమ్మ ఇంకా అటూ ఇటూ ఊగుతోంది. దాని కింద వదిన బోర్లా పడి ఉంది. ఇక్కడ బరువు తక్కువే గానీ ఊపుకి లోటు లేదు. దిమ్మ తలకి తగిలింది. పాటల పెట్టె నుజ్జయింది. ఊపిరాడుతోంది. పిలిస్తే పలకదు.

ఎంతసేపటి నుంచి పడి ఉందో తెలియదు. నేలమీద మంచుపొడిలో వేళ్ళ గీతలున్నాయి. స్పృహ పోయేముందు నా వైపు పాకాలని చూసింది. నన్ను పిలిచే ఉంటుంది. మా వదిన పిలవకుండా ఉండే మనిషి కాదు. నేను మైనం పెట్టుకుని గొట్టాల పటం చూస్తున్నాను.

అక్కడే చెవుల్లోంచి మైనం పీకి పారేశాను. ఎక్కడా చడీచప్పుడూ లేదు. దెబ్బ తగలకముందే వదిన పంపు ఆపేసినట్టుంది. ఎత్తుకుని విశ్రాంతి గదికి తెచ్చి ఉయ్యాల మంచం మీద పడుకోబెట్టాను. ఎడమ మోచెయ్యి అప్పటికే మొరాయిస్తోంది. రెండు చేతులా పట్టి వంచాను, వంచాను, చివరికి పటుక్కుమన్న అదురు నా అరచేతుల్లో తెలిసింది. మొహం చూశాను. నొప్పికి కనుబొమ కూడా కదలలేదు.

పెద్ద స్థావరంలో ఉన్న అన్నయ్యకి కబురు పెట్టాను. "వదినకి దెబ్బ తగిలింది. నేనున్నాను."

నమోదు 120

డాక్టర్ గారి జవాబు.

"తిరుపతమ్మ గారూ, తల వాపు తగ్గితే స్పృహ వస్తుంది, ధైర్యంగా ఉండండి. అప్పటిదాకా ఆమె కీళ్ళు మీ చేతుల్లోనే ఉన్నాయి. పెద్దవి మంచం చూసుకుంటుంది. వేళ్ళు, మెడ, దవడ మీరే కదపాలి. పక్కటెముకల సంగతి ఊపిరి చూసుకుంటుంది. ఒకటి మాత్రం మరిచిపోవద్దు. చెవి లోపల బియ్యపు గింజంతేసి ఎముకలు మూడు ఉంటాయి. వాటి మధ్య ఉన్నవీ కీళ్ళే, రసం, తిత్తి అన్నీ ఉన్నవే. చేత్తో కదపలేం. శబ్దం ఒక్కటే వాటిని కదుపుతుంది. మెత్తగదిలో నిశ్శబ్దంగా పడి ఉంటే అవి పట్టేస్తాయి. ఆమె చెవి దగ్గర మాట్లాడుతూ ఉండండి. గట్టిగా. ఆపకుండా. మీ అన్నయ్య మీ వదిన మాటలు లేకపోతే అన్నం సయించడం లేదంటున్నాడు."

రెండుసార్లు చదివాను. మాట్లాడాలట. నేను.

వదిన చెవి దగ్గర నోరు పెట్టి, "వదినా" అన్నాను. తర్వాత ఏమనాలో తెలియలేదు. నా గొంతు నాకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు గింగురుమంది. పంపు ఆగిపోయిన చోట అంతేలే అనుకున్నాను.

మొదట గొట్టాల కొలతలు చెప్పాను. అవి అయిపోయాక పంపు విప్పే పద్ధతి చెప్పాను. అది అయ్యాక ఎక్కాలు చదివాను, పదమూడో ఎక్కం దగ్గర తప్పుపోయి మళ్ళీ మొదలెట్టాను. వదిన పాడే పాటలు పాడాను. ఒక్కదానికీ రెండో చరణం రాదు నాకు. చెవుల్లో మైనం పెట్టుకున్నదానికి ఎలా వస్తుంది? చేతులు ఆవిడ వేళ్ళు వంచుతూ, మెడ తిప్పుతూ, దవడ దించుతూ ఉన్నాయి. నోరు ఆడుతూ ఉంది.

నమోదు 121

నిద్రపోవడమంటే భయం. కళ్ళు మూస్తే ఎర్రయ్య కనబడుతున్నాడు. కూర్చున్నట్టే ఉన్నవాడిని బోర్లా పడుకోబెడితే కుర్చీ తిరగేసినట్టు ఉంటాడు.

నా కీళ్ళు కదపడానికి నా జత లేదు. నాకు నేనే మెలికలు తిరుగుతున్నాను. దవడ సంగతి చూసుకోనక్కర్లేదు, నేను పుట్టిన దగ్గర్నుంచీ ఇంత మాట్లాడలేదు. చెవుల సంగతంటారా, నా మాట నాకు ఖణేల్‌మని వినబడుతూనే ఉంది.

ఇప్పుడు మా అమ్మ గురించి చెబుతున్నాను వదినకి. అన్నయ్య పెళ్ళిచూపులకి నేను ఎందుకు రాలేదో చెప్పాను. వస్తే ఈ వాగుడుకాయ వద్దని అనేస్తానేమోనని రాలేదు. ఆ మాట చెప్పాక కాసేపు ఊరుకున్నాను. ఊరుకున్నానని గుర్తొచ్చి హడలిపోయి మళ్ళీ మొదలెట్టాను.

ఒక సంగతి. పంపు ఆగింది కదా, ఈ గది గోడమీద తొట్టి నీటిమట్టం చూపే ముల్లు మాత్రం పైకి పోతూనే ఉంది. ముల్లు చెడినట్టుంది. వదినని వదిలి వెళ్ళలేను. తర్వాత చూస్తాను.

నమోదు 122

వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది.

ముల్లు ఎర్రగీత దాటింది. వదిన మెడ ఒకసారి తిప్పి పంపు గదికి పరిగెత్తాను. తలుపు తీశాను.

పంపు ఆడుతోంది.

కడ్డీ పైకి లేస్తోంది, కిందకి దిగుతోంది. తొట్టి అంచు మీంచి నీళ్ళు దూకుతున్నాయి. గోడమీద ఎర్రదీపం గిరగిరా తిరుగుతోంది. అది తిరిగిందంటే పక్కన కూత పెట్టె చెవులు చిల్లులు పడేలా కూస్తున్నట్టు. అంతా అద్దం అవతల జరుగుతున్నట్టుంది. గొట్టం మీద చెయ్యి వేశాను. హోరు అరచేతికి తెలిసింది. చెవికి తెలియలేదు.

చప్పట్లు కొట్టాను. లేదు. స్పానరు తీసి ఇనుప నేలకేసి కొట్టాను. లేదు. "వదినా" అని అరిచాను. అది మాత్రం బిందెలో గింగురుమంది.

అప్పుడు అర్థమైంది. నా మాట నా చెవుల్లోంచి రావడం లేదు. దవడ ఎముక మీదుగా, పుర్రె మీదుగా లోపల్నుంచే వస్తోంది. ఆ మూడు గింజలూ ఎప్పుడో ఒక ముద్ద అయిపోయాయి. మైనం కింద, నేను హాయిగా ఉందనుకున్నప్పుడే, ఇంత నొప్పి కూడా పెట్టకుండా. కొత్త రబ్బరూ కాదు, పనితనమూ కాదు.

పంపు ఆపాను. గోడకి చేరగిలబడి కూర్చున్నాను. ఇంక ఎవరు పిలిచినా నాకు తెలియదు, వెనకనుంచి ఏది వచ్చినా తెలియదు. కూర్చున్నానని గుర్తొచ్చింది. కూర్చుంటే ఎర్రయ్య అవుతాను. లేచాను.

నమోదు 123

మాట్లాడుతున్నాను. ఆవిడ చెవులకి వినబడుతోందో లేదో నేనెలా తెలుసుకునేది? నేను మాట్లాడిన మాట గదిలోకి వెళ్ళిందో, నా పుర్రెలోనే తిరిగిందో కూడా తెలియదు. గొంతు పోయి, ఉత్త పెదాలు ఆడిస్తున్నానేమోనని భయం వేసింది. వదిన చెంప దగ్గర అరచెయ్యి పెట్టి మాట్లాడుతున్నాను. ఊపిరి తగిలితే మాట వస్తున్నట్టని నమ్ముతున్నాను.

భగవంతుడా, నాకు పోయింది పోయింది. ఆవిడకి మాత్రం వద్దు. పాట లేకపోతే ఆవిడ బతకలేదు. నేను బతుకుతాను, నాకు అలవాటే.

డాక్టర్ గారికి నా సంగతి రాయలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

నమోదు 124

మళ్ళీ ఎక్కాలకి వచ్చాను. పదమూడో ఎక్కం. వదిన దవడ కదుపుతూ ఉంటే నా చేతి కింద దవడ తనంతట తాను కదిలింది. కళ్ళు తెరిచి నన్ను చూస్తోంది. పెదాలు ఆడుతున్నాయి. ఏదో పొడుగ్గానే చెబుతోంది. ఒక్క ముక్క కూడా నాకు అందలేదు.

నాకు ఏడుపొచ్చింది. కానీ ముందు చూసుకోవాల్సింది ఉంది. మొహం చూపిస్తే నా పెదాలు చూసి జవాబిస్తుందేమో. అందుకని లేచి ఆవిడ తల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. కనబడకుండా, మామూలుగా అడిగాను.

"వదినా, నొప్పిగా ఉందా?"

పైనుంచి ఆవిడ నడినెత్తి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో. ఊపిరి పీల్చడం కూడా మర్చిపోయాను, పక్కటెముకలు పట్టేసేవే.

తల అడ్డంగా ఊపింది. ఇటు, అటు, ఇటు. లేదు అని. బొంగరపు కీలు నున్నగా తిరిగింది. చెవులూ ఉన్నాయి, మెడా ఉంది.

అప్పుడు కూలబడి ఏడ్చాను. నా ఏడుపు నాకు బ్రహ్మాండంగా వినబడింది. వదిన చెయ్యి చాచి నన్ను దగ్గరికి లాక్కుంది. ఎడమ చెయ్యే, మోచేతి దగ్గర బాగానే మడతపడింది. ఏదో అడిగింది. నేను చెవులు చూపించి చేతులు తిప్పేశాను. ఆవిడ మొహంలో రంగు పోయింది. నా చెవి పక్కన చిటికె వేసింది. రెండోపక్క వేసింది. మంచం పక్కనున్న పళ్ళెం తీసి, గరిటెతో కొట్టింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"మైనం వదినా" అన్నాను. "నీ తప్పు కాదు."

వదిన పళ్ళెం పక్కన పెట్టి, నా తల రెండు చేతులా పట్టుకుని, తన దవడ ఎముక తెచ్చి నా చెవి వెనకున్న ఎముకకి గట్టిగా ఆనించింది. మాట్లాడింది.

వినబడింది. బావి అడుగునుంచి వచ్చినట్టు, కానీ మా వదిన గొంతే.

"ఏవే తిరుపతీ, పదమూడారులు డెబ్భై ఎనిమిదే. ఎన్నిసార్లు తప్పు చదువుతావు? నోరు కదిలితే బాగుండు, దిద్దుదామని ఎంత కొట్టుకున్నానో."

ఎప్పటి నుంచి వింటోందో ఏమో. పెళ్ళిచూపుల మాట కూడా విందా అని అడగడానికి ధైర్యం చాల్లేదు. అడక్కుండానే చెప్పింది.

"వాగుడుకాయనట. అంతేలే. ఇంక ఈ వాగుడుకాయ ఎముకా ఎముకా ఆనించి వాగితే గానీ నీకు గతి లేదు."

ఆ మాట అంటూ నవ్వింది. నేను నవ్వించాను వదినని, ఇన్నాళ్ళకి, ఎక్కం తప్పు చదివి. ఆ నవ్వు నా చెవిలోకి రాలేదు. ఆవిడ దవడలోంచి నా పుర్రెలోకి అదురుగా దిగింది, పళ్ళు కూడా జివ్వుమన్నాయి. వంతు పూర్తయింది.

వెలుగు ఇంకా రాలేదు, మందూ రాలేదు. పంపు మళ్ళీ వేశాను, అరచెయ్యి పెట్టి చూసి వచ్చాను. ఇది రాయడం ఆపి వెళ్ళాలి. వదిన వేళ్ళు ఆడిస్తూ పిలుస్తోంది, ఇప్పుడు నా వంతు.